దూరపు కొండలు, దగ్గరి లెక్కలు: బేస్‌బాల్ కీర్తికి కొలబద్ద

దూరపు కొండలు నునుపు అను సామెత స్థలమునకే గాక కాలమునకు కూడ చెల్లును. ఏ కళను గూర్చి గాని, ఏ క్రీడను గూర్చి గాని ముచ్చట వచ్చినపుడు "ఆ రోజులు వేరు, ఆ మనుష్యులు వేరు" అను మాట వినబడక మానదు. అట్లనువారు అబద్ధమాడుచున్నారని మేము అనము. వారు చూచినది నిజమే. చూచి ఆనందించినదియు నిజమే. కాని ముప్పది యేండ్ల క్రిందట చూచిన ఆటగానిని నిన్న చూచిన ఆటగానితో పోల్చుటకు ఆ ఆనందమొక్కటే ఆధారమైనపుడు తీర్పు ఎంతవరకు న్యాయమగును? ఈ ప్రశ్నను నూటయేబది సంవత్సరములకు పైగా విడువక విచారించిన దేశమొకటి కలదు. అది అమెరికా. విచారణకు వస్తువు వారి బేస్‌బాల్ క్రీడ. ఆ విచారణలో జ్ఞాపకము ఓడిన సందర్భములు కలవు, గెలిచిన సందర్భములు కలవు. లెక్క కూడ తప్పిన సందర్భములు కలవు. ఆ కథను సంగ్రహముగ వివరింపదలచితిమి.

క్రికెట్టు ఎరిగినవారికి బేస్‌బాల్ బొత్తిగా క్రొత్త కాదు. అందు బంతి విసరువానిని పిచ్చర్ అందురు. బ్యాట్స్‌మన్ గుండ్రని కర్రతో బంతిని కొట్టి, చతురస్రముగ అమర్చిన నాలుగు బేసులను చుట్టి వచ్చినచో ఒక పరుగు. బంతిని కొట్టి, ఎదుటివారి తప్పిదము లేకుండ ఒక బేసునైనను క్షేమముగ చేరినచో అది హిట్. బంతి గాలిలో ఎగిరి మైదానపు హద్దును దాటిపోయినచో హోమ్ రన్. పిచ్చర్ నాలుగు బంతులను గురి తప్పి విసరినచో బ్యాట్స్‌మన్ నడచుకొనుచు మొదటి బేసునకు పోవును. దానిని వాక్ అందురు. వాక్‌లను లెక్కలోనికి తీసికొనక, కొట్టుటకు వచ్చిన అవకాశములలో వేయింటికి ఎన్ని హిట్లు అనునదే బ్యాటింగు సగటు. వేయింటికి 300 సాధించినవాడు మంచి ఆటగాడు. 400 సాధించినవాడు అపూర్వుడు. ఈ మాత్రము గుర్తుంచుకొన్నచో మిగిలిన కథ సుబోధమగును.

ముందుగా జ్ఞాపకము సంగతి చూతము. బేస్‌బాల్ మహనీయుల స్మారక మందిరము న్యూయార్కు రాష్ట్రమందలి కూపర్స్‌టౌన్ అను చిన్న పట్టణములో 1939వ సంవత్సరమున ప్రారంభమయ్యెను. ఆ ఊరినే ఎన్నుకొనుటకు కారణమేమి? ఈ క్రీడ ఎచ్చట పుట్టినదో తేల్చుటకు 1905లో ఒక సంఘము ఏర్పడెను. అబ్నర్ డబుల్‌డే అను సైన్యాధిపతి 1839లో కూపర్స్‌టౌన్‌లో ఈ ఆటను కల్పించెనని ఒక వృద్ధుడు జాబు వ్రాసెను. ఆ జాబు వ్రాయునాటికి ఆయన వయస్సు డెబ్బదికి పైబడినది. చెప్పిన సంఘటన నాటికి ఆయన అయిదేండ్ల పసివాడు. ఆ సాక్ష్యమునే ప్రమాణముగ గ్రహించి సంఘము 1907 చివర తీర్పు చెప్పెను. 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయములో విద్యార్థి. బేస్‌బాలును తాను కల్పించితినని ఆయన ఎన్నడును చెప్పుకొనలేదు. చరిత్రకారులు ఆ కథను ఏనాడో త్రోసిపుచ్చిరి. మందిరము మాత్రము అచ్చటనే నిలిచియున్నది. మహత్త్వమును నిర్ణయించు ఆలయమునకే పునాది ఒక పొరబాటు జ్ఞాపకమగుట చరిత్రలోని వింత.

ఆ మందిరమునకు మొదటి ఎన్నిక 1936లో జరిగెను. ఓటు వేసిన పత్రికా రచయితలు 226 మంది. నూటికి 75 ఓట్లు వచ్చినవారికే ప్రవేశము. టై కాబ్‌కు 222, బేబ్ రూత్‌కు, హోనస్ వాగ్నర్‌కు చెరియొక 215, క్రిస్టీ మాథ్యూసన్‌కు 205, వాల్టర్ జాన్సన్‌కు 189 వచ్చినవి. పిచ్చర్లలో 511 ఆటలు గెలిచి, నేటికిని ఎవరును దరిచేరని సై యంగ్‌కు మాత్రము ఆ యేడు ప్రవేశము దొరకలేదు. ఆయన ఆట సగము పందొమ్మిదవ శతాబ్దమున, సగము ఇరువదవ శతాబ్దమున జరిగినది. ఓటర్లలో ఎక్కువమంది కండ్లార చూచినది చివరి భాగము మాత్రమే. మరుసటి సంవత్సరమున పొరబాటు దిద్దబడెను. కాని, కన్ను చూడనిదానిని మనస్సు తక్కువ చేయునను సంగతి మొదటి పరీక్షలోనే బయటపడినది.

ఇక లెక్క పుట్టుక. ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణమున 1824లో జన్మించి, బాల్యముననే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ అను పత్రికా రచయిత మొదట క్రికెట్టు వార్తలు వ్రాయుచుండెను. క్రికెట్టు పద్దుల పద్ధతిని బేస్‌బాలునకు మలచి, 1859 నాటికి ఒక్కొక్క ఆటగాని పనిని గడులలో చూపు పట్టికను ఆయన రూపొందించెను. మన వర్తకులు చిట్టా, ఆవర్జా వ్రాసినట్లు, ఆనాటి నుండి ప్రతి ఆటకును ఒక చిట్టా ఏర్పడెను. పేరున్నవాడు, పేరులేనివాడు అను భేదము ఆ గడులకు తెలియదు. వేయిమంది చప్పట్లు కొట్టినను ఒక హిట్ ఒక హిట్టే. ఎవరును చూడని చలిసంధ్యలో కొట్టినదియు ఒక హిట్టే. ఈ సమదృష్టియే లెక్కకు గల గొప్ప గుణము.

అయినను, ఏది లెక్కించవలెనో నిర్ణయించునది మనుష్యుడే గదా! చాడ్విక్ దృష్టిలో వాక్ అనునది పిచ్చర్ చేసిన తప్పు. అందు బ్యాట్స్‌మన్ ప్రజ్ఞ ఏమియు లేదు. అందుచేత సగటులో దానికి చోటు లేకపోయెను. 1887లో మాత్రము వాక్‌లను కూడ హిట్లుగ లెక్కించిరి, సగటులు ఆకాశమునంటెను, ఒక్క సంవత్సరముతో ఆ నిబంధనను విడిచిరి. కాని చెడ్డ బంతిని గుర్తించి వదలివేయుట కూడ నేర్పే. ఆ సంగతిని గట్టిగ పట్టుకొన్నవాడు బ్రూక్లిన్ జట్టు నిర్వాహకుడు బ్రాంచ్ రికీ. 1947లో ఆయన అలన్ రాత్ అను గణాంక శాస్త్రజ్ఞుని జీతమిచ్చి నియమించెను. 1954లో లైఫ్ పత్రికయందు వ్యాసము వ్రాసి, బ్యాటింగు సగటు ఒక్కటే చాలదని, ఎన్ని పర్యాయములు బేసు చేరెననునది ముఖ్యమని వాదించెను. ఆ లెక్క లీగుల అధికార పట్టికలలో చేరుటకు మరి ముప్పది యేండ్లు పట్టెను. అది 1984వ సంవత్సరము.

చిట్టా వ్రాయు చేయి కూడ తప్పు చేయగలదనుటకు 1910 నాటి వివాదము నిదర్శనము. ఆ సంవత్సరము అగ్రగామి బ్యాట్స్‌మన్‌కు చామర్స్ కంపెనీవారు ఒక మోటారు కారును బహుమతిగ ప్రకటించిరి. పోటీ డెట్రాయిట్ జట్టులోని టై కాబ్‌కును, క్లీవ్‌లాండ్ జట్టులోని నాప్ లజోయీకిని నడుమ ఏర్పడెను. కాబ్ మహాప్రజ్ఞావంతుడు, కాని కోపిష్ఠి. ఆయనను ప్రేమించినవారు అరుదు. లజోయీ అందరికి ప్రియుడు. చివరి రోజున సెయింట్ లూయీలో జరిగిన రెండు ఆటలలో ఎదుటి జట్టు మేనేజరు తన మూడవ బేసు ఆటగానిని చాల వెనుకకు నిలువుమని ఆజ్ఞాపించెను. లజోయీ బంతిని మెల్లగ తట్టి మొదటి బేసు చేరుచు, ఆ ఒక్క దినమున ఎనిమిది హిట్లు సంపాదించెను. గగ్గోలు పుట్టెను; ఆ మేనేజరు ఉద్యోగము పోయెను. లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ పద్దులు చూచి, కాబ్ సగటు 385, లజోయీ సగటు 384 అని తీర్పు చెప్పెను. కంపెనీవారు ఇద్దరికిని చెరియొక కారు ఇచ్చి గొడవ వదిలించుకొనిరి.

కథ అంతటితో ముగియలేదు. డెబ్బది యేండ్ల తరువాత పాత పద్దులను శోధించినవారు కాబ్ ఆడిన ఒక ఆట రెండు పర్యాయములు ఎక్కినట్లు కనుగొనిరి. ఆ ఆటలో ఆయన హిట్లు రెండు. 1981లో ఈ విషయము ప్రకటితమయ్యెను. ఆ రెండింటిని తీసివేసినచో ఆ యేటి అగ్రస్థానము లజోయీది. జీవితకాలమున కాబ్ హిట్లు 4191 కావు, 4189. క్రీడాధికారులు పాత తీర్పును మార్చుటకు అంగీకరింపలేదు. అందుచేత నేటికిని రెండు సంఖ్యలును గ్రంథములలో కనబడుచున్నవి. లెక్క తప్పినది, నిజమే. కాని ఆ తప్పును పట్టుటకు వీలైనది కూడ లెక్క వ్రాసి ఉంచుటచేతనే. జ్ఞాపకములో జరిగిన పొరబాటును డెబ్బది యేండ్ల తరువాత ఎవరు వెదకి పట్టగలరు?

పద్దులు సరియైనవైనను కాలభేదమును గమనింపక పోల్చుట అన్యాయము. 1930లో నేషనల్ లీగునందు బిల్ టెర్రీ సగటు 401. 1968లో అమెరికన్ లీగునందు అగ్రస్థానము పొందిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు 301 మాత్రమే. పైకి చూచినచో టెర్రీ ఎంతయో మిన్న. "ఆ రోజులు వేరు" అనువారికి ఇంతకంటె సాక్ష్యమేల? కాని 1930లో ఆ లీగులోని బ్యాట్స్‌మన్లందరి సగటే 303. అనగా మధ్యరకపు ఆటగాడు కూడ మూడువందలు దాటుచుండెను. 1968లో అమెరికన్ లీగు సగటు 230. అందు మూడువందలు దాటినవాడు యాస్ట్రెమ్‌స్కీ ఒక్కడే. ఆ యేడు పిచ్చర్ల ప్రాబల్యము ఎంతగ పెరిగినదనగా, వారు నిలుచు మట్టి దిబ్బ ఎత్తును 1969లో పదునైదు అంగుళముల నుండి పది అంగుళములకు తగ్గింపవలసి వచ్చెను. ఇపుడు భాగహారము చేసి చూతము. టెర్రీ తన కాలపు సగటును నూటికి 32 వంతులు మించెను; యాస్ట్రెమ్‌స్కీ తన కాలపు సగటును నూటికి 31 వంతులు మించెను. వంద పాయింట్ల అంతరము ఒక్క వంతునకు కరిగిపోయినది. కరవు కాలమున పండించిన పుట్టెడు ధాన్యమును, వానలు కురిసిన యేటి పుట్టెడుతో సమానమని ఏ రైతు చెప్పును?

పాత లీగులు రెండింటిలో 400 దాటిన కడపటివాడు టెడ్ విలియమ్స్. 1941వ సంవత్సరపు చివరి దినమున ఆయన సగటు నాలుగువందలకు వెంట్రుకవాసి తక్కువగ ఉండెను. ఆడక కూర్చున్నచో దానిని నాలుగువందలుగనే లెక్కించెడివారు. ఆయన కూర్చుండలేదు. రెండు ఆటలును ఆడి, ఎనిమిదింట ఆరు హిట్లు కొట్టి, 406తో ముగించెను. ఆ లీగులలో తరువాత ఎవరును ఆ మెట్టు ఎక్కకపోవుట ఆటగాండ్ర క్షీణతకు గుర్తని పెద్దలు వగచిరి. స్టీఫెన్ జే గూల్డ్ అను జీవశాస్త్రజ్ఞుడు దీనికి విపరీతమైన సమాధానము చెప్పెను. ఆటగాండ్రందరి సగటు దశాబ్దముల తరబడి సుమారు 260 దగ్గరనే నిలిచియున్నది. కాని మిక్కిలి పైవానికిని మిక్కిలి క్రిందివానికిని నడుమ దూరము తగ్గుచు వచ్చినది. అందరును బాగుగ ఆడ నేర్చినపుడు ఒక్కడు అందరికంటె మిన్నగ కనబడుట కష్టము. శిఖరము కుంగలేదు, నేల పైకి లేచినది. జ్ఞాపకము పతనముగ చూచినదానిని గణితము ప్రగతిగ చూపినది.

లెక్క ఎల్లపుడు పాతవారిని క్రిందికి లాగునని తలపరాదు. బేబ్ రూత్‌ను గూర్చి వృద్ధులు చెప్పు అద్భుతములను పద్దులు బలపరచుచున్నవి. 1920లో ఆయన 54 హోమ్ రన్లు కొట్టెను. ఆయన జట్టు గాక ఆ లీగులో మరి ఏడు జట్లు కలవు. వానిలో ఏ ఒక్క జట్టును మొత్తముమీద అన్ని కొట్టలేదు. మరుసటి సంవత్సరమున, 1921 ఆగస్టు 5వ తేదీన, పిట్స్‌బర్గులోని కె.డి.కె.ఎ. రేడియో కేంద్రము మొదటి పర్యాయము ఒక ఆటను ప్రసారము చేసెను. మైదానము ముఖమెరుగని కోటానుకోట్ల గృహములలోనికి ఆటగాండ్ర పేర్లు ప్రవేశించెను. రేడియో ముందు కూర్చుండి విన్న ఆట కంటితో చూచినదానికంటె గొప్పదగుట మన శ్రోతలకు అనుభవమే. ఊహకు హద్దులు లేవు గదా. రూత్ కీర్తి అట్లు జాతి జ్ఞాపకమయ్యెను.

ఆ జ్ఞాపకమే మరియొకని పాలిటికి అన్యాయమయ్యెను. రూత్ 1927లో కొట్టిన 60 హోమ్ రన్ల రికార్డును 1961లో రోజర్ మారిస్ దాటబోవుచుండగా, క్రీడా కమిషనరు ఫోర్డ్ ఫ్రిక్ ఒక తీర్పు చెప్పెను. ఆ సంవత్సరము ఆటల సంఖ్య 154 నుండి 162కు పెరిగినది గనుక, 154 ఆటలలోపల దాటిననే పూర్వపు రికార్డు పోవును. లేనిచో రెండును వేరువేరుగ చూపబడునని ఆ తీర్పు. ఫ్రిక్ యౌవనమున పత్రికా రచయితగ రూత్ పేరిట వ్యాసములు వ్రాసినవాడు, ఆయనకు ఆప్తుడు. మారిస్ చివరి దినమున 61వది కొట్టెను. ఆటల సంఖ్యను లెక్కలోనికి తీసికొనుట తప్పు కాదు. కాని ఆ యేడు పెరిగిన ఆటలలో సాధించిన మరి యే రికార్డునకును రాని చిక్కు ఈ ఒక్కదానికే ఏల రావలెను? ఆ భేదమును 1991లో తొలగించిరి. మారిస్ 1985లోనే మరణించెను.

1974లో హెన్రీ ఆరన్ రూత్ జీవితకాలపు 714 హోమ్ రన్లను దాటినపుడు జ్ఞాపకము మరింత వికృతరూపము చూపెను. ఆరన్ నల్లజాతీయుడు. ఆయనకు వచ్చిన బెదిరింపు జాబులకు అంతు లేకపోయెను. సంఖ్యలు ఏమి చెప్పుచున్నవి? ఆయన హిట్లు మొత్తము 3771, హోమ్ రన్లు 755. ఆ హోమ్ రన్లన్నిటిని తీసివేసినను 3016 హిట్లు మిగులును. మూడువేల హిట్లు ఒక మహాజీవితమునకు చాలినంత కీర్తి.

ఆరన్ పేరు చెప్పినపుడు, చిట్టాలో పేరే ఎక్కనివారిని తలపక తప్పదు. 1947 ఏప్రిల్‌లో బ్రాంచ్ రికీ జాకీ రాబిన్సన్‌ను తన జట్టులో ఆడించువరకు అరువది సంవత్సరములుగ నల్లవారికి పెద్ద లీగులలో ప్రవేశము లేదు. వారు తమ లీగులను తామే నిర్మించుకొనిరి. రూబ్ ఫోస్టర్ పూనికతో 1920లో నీగ్రో నేషనల్ లీగు ఏర్పడెను. ఆ లీగుల ఆటలను పెద్ద పత్రికలు లక్ష్యపెట్టలేదు. పిట్స్‌బర్గ్ కూరియర్, షికాగో డిఫెండర్ వంటి నల్లజాతి వారపత్రికలు తమకు చేతనైనంత వ్రాసి ఉంచినవి. 1969లో మొత్తము క్రీడా చరిత్రకు ప్రామాణిక గణాంక గ్రంథము వెలువడుటకు ముందు ఏ లీగులు పెద్దవో నిర్ణయించుటకు ఒక సంఘము కూర్చుండెను. ఆరు లీగులను గుర్తించెను. నల్లవారి లీగుల మాట ఆ సభలో ప్రస్తావనకే రాలేదు. గడులకు పక్షపాతము లేదని పైన చెప్పితిమి. కాని గడి గీయని చోట ఏ సంఖ్యయు నిలువదు.

కొందరి హృదయములలో మాత్రము వారు నిలిచిరి. 1966లో మందిర ప్రవేశము పొందిన దినమున టెడ్ విలియమ్స్ తన ప్రసంగమందు, సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ వంటివారు కూడ ఒకనాడు ఇచ్చట చేరవలెనని కోరెను. 1971లో పేజ్, 1972లో గిబ్సన్ చేరిరి. గిబ్సన్ రాబిన్సన్ ప్రవేశమునకు మూడు నెలల ముందు, ముప్పదియైదవ యేట మరణించినవాడు. మందిరములోని ఫలకముపై ఆయన ఇంచుమించు 800 హోమ్ రన్లు కొట్టెనని వ్రాసిరి. అది జ్ఞాపకము చెప్పిన సంఖ్య. లీగు ఆటలు, ఊరూర ఆడిన ప్రదర్శనపు టాటలు అందు కలిసియున్నవి. ఆ సంఖ్యను కొందరు భక్తితో నమ్మిరి, మరికొందరు కట్టుకథయని నవ్విరి. నమ్మినవారు గాని, నవ్వినవారు గాని ఆయనను కాబ్, రూత్‌ల వరుసలో నిలిపి పోల్చుటకు వీలులేకపోయెను.

అంతట కొందరు ఓపికగల పరిశోధకులు పాత వారపత్రికలను పుట పుటయు తిరుగవేసి, శిథిలమైన ఆటల పట్టికలను ఒక్కొక్కటిగ ఏరి కూర్చిరి. ఈ పని దశాబ్దములు పట్టెను. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ అధికారులు 1920-1948 నడుమ నడచిన ఏడు నీగ్రో లీగులను పెద్ద లీగులుగ అంగీకరించిరి. 2024 మే నెలలో 2,300 మందికి పైబడిన ఆటగాండ్ర లెక్కలను తమ గ్రంథములలో చేర్చిరి. ఆనాటి ప్రకటనలో గిబ్సన్ జీవితకాలపు సగటు 372. అంతవరకు అగ్రస్థానమందున్న కాబ్ సగటు 367. దెబ్బ బలమును కొలుచు లెక్కలో గిబ్సన్‌కు 718, రూత్‌కు 690. పద్దులలో దొరికిన హోమ్ రన్లు మాత్రము రెండువందలకు లోపు. గమనింపుడు: లెక్క ఆయన ఐతిహ్యములో మూడు వంతులకు పైగా కోసివేసినది, కోసివేసి, ఆయనను అందరికంటె పైన నిలిపినది. ఐతిహ్యము ఎనిమిదివందలిచ్చి కూడ ఆయనకు పీట వేయలేకపోయెను.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఆ లీగులలో సంవత్సరమునకు ఆటలు తక్కువ. దొరికిన పద్దులు సుమారు నాలుగింట మూడు వంతులు మాత్రమే. ఇవి విచారింపదగిన ఆక్షేపణలే. కాని ఆటలు తక్కువగుటకు కారణము ఆటగాండ్రు కారు, వారిని వెలివేసిన వ్యవస్థ. మరియు, కాబ్, రూత్‌లు కూడ నల్లవారు లేని లీగులలో ఆడినవారే. వారి సగటులు కూడ సగము లోకముతో చేసిన పోటీ ఫలములే.

లెక్క సర్వజ్ఞ అని మా వాదము కాదు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 హోమ్ రన్లు కొట్టి మారిస్‌ను మించెను. 2010లో తాను నిషిద్ధమైన మందులు వాడితినని ఒప్పుకొనెను. ఆ డెబ్బదియు పద్దులో అట్లే యున్నవి. వాని విలువ ఎంతయో సంఖ్య చెప్పదు. బెదిరింపుల నడుమ బ్యాటు పట్టిన ఆరన్ ధైర్యమును కొలుచు గడి ఏ పట్టికలోను లేదు. అట్టివానిని చెప్పుటకు మాట కావలెను, చూచినవారి సాక్ష్యము కావలెను.

కావున జ్ఞాపకమును న్యాయస్థానము నుండి వెడలగొట్టవలసిన పని లేదు. దానిని న్యాయాధిపతి పీఠము నుండి దింపి సాక్షి బోనులో నిలిపిన చాలును. సాక్షి చెప్పినదానిని పద్దుతో సరిచూడవలెను. పద్దు ఎవరు వ్రాసిరో, ఎవరిని వదలిరో విచారింపవలెను. కాలమును బట్టి తూకమును సవరింపవలెను. ఇందుకు శ్రమ కావలెను. పాతవారిని పొగడుటకు, క్రొత్తవారిని మెచ్చుటకు ఆ శ్రమ అక్కరలేదు. కాని ఒకని పేరు అన్యాయముగ మరుగున పడియున్నపుడు, ఎవరో మూలనున్న పాత కాగితములు విప్పి ఒకటి, రెండు, మూడు అని లెక్కించిననాడే అది వెలుగునకు వచ్చును.